రెండు నెలల ఆట... పది నెలల ఎదురుచూపు!

ఐ.పి.ఎల్. వచ్చిందంటే మనలో చాలామందికి గుర్తొచ్చేది రిమోట్ కోసం ఇంట్లో జరిగే యుద్ధం. సాయంత్రం ఏడున్నరకు మన సీరియల్ ఉంటుంది, వాళ్ళ మ్యాచ్ ఉంటుంది. రెండు నెలలు ఎట్లాగో సర్దుకుపోయి, ఫైనల్ అయిపోయిన మర్నాడు "అమ్మయ్య" అనుకుంటాం. మళ్ళీ ఉగాది దాకా ఆ గొడవ లేదు కదా అని!

కానీ అక్కయ్యలూ, చెల్లెళ్ళూ, అసలు కథ అంతా ఆ తర్వాతే ఉంటుందంటే నమ్ముతారా? ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని పంపించాలి, ఉన్న డబ్బులో ఎవరిని ఎంతకు కొనాలి, దెబ్బ తగిలినవాడు కోలుకున్నాడా లేదా... ఇవన్నీ మ్యాచులు లేని నెలల్లో జరిగేవే. బ్యాటు పట్టుకోవడం రాకపోయినా సరే, సంసారం నడిపిన ఆడదానికి ఈ లెక్కలు ఇట్టే అర్థమవుతాయి. మా సిద్దిపేటలో మా ఇంట్లో మ్యాచులు చూసేది మావారూ, పిల్లలూ. మ్యాచులు లేనప్పుడు పేపర్లో ఆటల పేజీ వెతికి చదివేది మాత్రం నేనూ, మా అత్తమ్మా!

మన జట్టు పుట్టుక

2008లో ఐ.పి.ఎల్. మొదలైనప్పుడు హైదరాబాద్ జట్టు పేరు దక్కన్ ఛార్జర్స్. మొదటి ఏడు అట్టడుగున నిలిచి, మరుసటి ఏడు 2009లో గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో కప్పు గెలిచింది. ఆ పోటీలు దక్షిణాఫ్రికాలో జరిగాయి. 2012లో ఆ జట్టు రద్దయిపోతే సన్ టీవీ వాళ్ళు హైదరాబాద్ జట్టును దక్కించుకున్నారు. అదే సన్‌రైజర్స్ హైదరాబాద్. 2013 నుంచి ఆడుతోంది. 2016లో వార్నర్ కెప్టెన్‌గా బెంగళూరును వాళ్ళ సొంతూళ్ళోనే 8 పరుగుల తేడాతో ఓడించి కప్పు తెచ్చింది. ఆ తర్వాత 2018లోనూ, 2024లోనూ ఫైనల్ దాకా వెళ్ళి ఓడిపోయింది.

2024 ఫైనల్ మీకూ గుర్తుండే ఉంటుంది. ఆ ఏడు బెంగళూరు మీద 287 పరుగులు బాదిన జట్టు, చెన్నైలో కోల్‌కతా చేతిలో 113కే ఆలౌట్ అయింది. జట్టు వ్యవహారాలు చూసే కావ్య మారన్ కన్నీళ్ళు దాచుకోవడానికి వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టడం టీవీలో చూసి, మా అత్తమ్మ "పాపం పిల్ల" అని కొంగుతో కళ్ళొత్తుకుంది.

వానలనుంచి బతుకమ్మ దాకా

ఫైనల్ అయ్యేసరికి రోహిణి కార్తె ఎండలు మండుతుంటాయి. మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడగానే అందరి మనసూ విత్తనాల మీదికీ, పిల్లల బడి ఫీజుల మీదికీ పోతుంది. ఆటగాళ్ళు కూడా ఎవరి దేశానికి వాళ్ళు వెళ్ళిపోతారు.

ఈ నెలల్లో వార్తలు తక్కువ. వచ్చేవి ఎక్కువగా కోచ్‌ల గురించే. 2023లో మన జట్టు పది జట్లలో పదోది అయింది. ఆ ఆగస్టులోనే బ్రయాన్ లారాను తప్పించి న్యూజిలాండ్‌కు చెందిన వెట్టోరిని కోచ్‌గా పెట్టారు. అప్పుడు అదొక చిన్న వార్త. కానీ మరుసటి ఏడు జట్టు ఆడిన తీరు చూశాక, ఆ మార్పు ఎంత పెద్దదో తెలిసింది. వానాకాలంలో వేసిన విత్తనం యాసంగి దాకా కనబడదన్నట్టు!

బతుకమ్మ పేర్చుకుని కోమటి చెరువు గట్టుకు పోయే రోజులు వచ్చేసరికి గుసగుసలు మొదలవుతాయి. ఫలానా ఆయన్ను వదిలేస్తారట, ఫలానా జట్టు అడుగుతోందట అని. వాటిలో సగం గాలి మాటలు. నమ్మకుండా విని ఊరుకోవడమే మంచిది.

కార్తీకంలో కన్నీళ్ళు

దీపావళి వెళ్ళి కార్తీక దీపాలు పెట్టుకునే రోజుల్లో ప్రతి జట్టూ ఒక జాబితా ఇవ్వాలి. ఎవరిని అట్టిపెట్టుకుంటున్నారో, ఎవరిని వదిలేస్తున్నారో అందులో ఉంటుంది. 2024లో అయితే సరిగ్గా దీపావళి రోజునే వచ్చింది. ఇన్నాళ్ళూ మనవాడు అనుకున్న మనిషి ఆ రోజునుంచి పరాయివాడు కావచ్చు.

వార్నర్ సంగతే చూడండి. ఆస్ట్రేలియా మనిషి. 2014లో వచ్చాడు, 2016లో కప్పు తెచ్చాడు. 2020 లాక్‌డౌన్‌లో భార్యతో కలిసి 'బుట్టబొమ్మ' పాటకు డాన్స్ చేసి మన ఇళ్ళల్లో మనిషైపోయాడు. 2021లో సీజన్ మధ్యలోనే కెప్టెన్సీ తీసేశారు, ఆ నవంబరులో వదిలేశారు. మా అత్తమ్మ నాలుగు రోజులు "గంత మంచి పిల్లగాన్ని ఎట్ల పంపిండ్రు? గెలిచినప్పుడు నెత్తిన పెట్టుకుంటరు, ఓడంగనే బైటికి నూకుతరు" అని ఒకటే మాట.

అదే నవంబరులో అఫ్గానిస్తాన్ స్పిన్నర్ రషీద్ ఖాన్ కూడా వెళ్ళిపోయాడు. కొత్తగా వచ్చిన గుజరాత్ జట్టు 15 కోట్లకు తీసుకుంది. మరుసటి ఏడే వాళ్ళు కప్పు గెలిచారు. ఆ ఏడు మనవాళ్ళు 14 కోట్లిచ్చి అట్టిపెట్టుకున్న విలియమ్సన్‌ను మళ్ళీ 2022 నవంబరులో వదిలేశారు. ఆయన నవ్వు ముఖం చూసి మనసు పారేసుకున్నవాళ్ళు మన ఆడవాళ్ళలో తక్కువేం లేరు!

అన్నిటికంటే నాకు బాధనిపించింది భువనేశ్వర్ కుమార్ విషయం. మీరట్ అబ్బాయి. 2014 నుంచి 2024 దాకా పదకొండు సీజన్లు మన జట్టుకే బౌలింగ్ వేశాడు. 2016లోనూ, 2017లోనూ ఐ.పి.ఎల్. మొత్తంలో ఎక్కువ వికెట్లు తీసినవాడికిచ్చే ఊదా టోపీ ఆయనదే. 2024 దీపావళి జాబితాలో ఆయన పేరు లేదు. వేలంలో బెంగళూరు 10 కోట్ల 75 లక్షలకు కొనుక్కుంది. 2025 జూన్ 3న బెంగళూరు తొలిసారి కప్పు గెలిచింది, భువనేశ్వర్ ఫైనల్లో రెండు వికెట్లు తీశాడు. ఆ రాత్రి మా ఇంట్లో అందరం బెంగళూరు గెలవాలనే కోరుకున్నాం. ఎందుకంటే మన మనిషి అక్కడున్నాడు! పిల్లనిచ్చిన ఇల్లు చల్లగా ఉండాలని కోరుకోమా, అట్లాగే ఇది కూడా.

వదిలేయడమే కాదు, ఇచ్చిపుచ్చుకోవడాలు కూడా ఉంటాయి. 2018 చివర మన జట్టు శిఖర్ ధావన్‌ను ఢిల్లీకి ఇచ్చి, బదులుగా ముగ్గుర్ని తీసుకుంది. ఆ ముగ్గురిలో ఒకడు పద్దెనిమిదేళ్ళ పంజాబ్ కుర్రాడు. పేరు పెద్దగా ఎవరికీ తెలియదు. ఆ అబ్బాయే అభిషేక్ శర్మ! 2025 ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబ్ మీద 55 బంతుల్లో 141 కొట్టాడు. ఐ.పి.ఎల్.లో భారతీయుడు ఒక్క ఇన్నింగ్స్‌లో అంతకంటే ఎక్కువ అప్పటిదాకా కొట్టలేదు. ఎక్కాల పుస్తకం కొంటే కొసరుగా ఇచ్చిన పలకే ఎక్కువకాలం ఉపయోగపడినట్టయింది.

వేలంపాట... అచ్చం మన నెల బడ్జెట్టే

మార్గశిర మాసంలో, అంటే డిసెంబరులో, చాలాసార్లు వేలం జరుగుతుంది. ఇది చూడవలసిందే! పెద్ద హాలు, ఒక్కో జట్టుకు ఒక్కో బల్ల, చేతిలో కర్ర పలక. మన బల్ల దగ్గర కావ్య మారన్ ఉంటుంది.

ఇంకో విశేషం. 2023 డిసెంబరు 19న దుబాయ్‌లో ఆ వేలం నడిపించింది మల్లికా సాగర్ అనే ముంబై ఆవిడ. ఐ.పి.ఎల్. వేలాన్ని ఒక స్త్రీ నడిపించడం అదే మొదలు. చీర కట్టుకుని, చేతిలో సుత్తి పట్టుకుని, కోట్లకు కోట్లు తొణక్కుండా పలికిన తీరు చూస్తే ముచ్చటేసింది. ఆ రోజే మనవాళ్ళు బెంగళూరుతో పోటీ పడి ఆస్ట్రేలియా కెప్టెన్ కమిన్స్‌ను 20 కోట్ల 50 లక్షలకు కొన్నారు. ఇంత డబ్బా అని అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. ఆ డబ్బు ఎక్కడిది? అంతకు ముందు ఏడు 13 కోట్ల 25 లక్షలు పోసి కొన్న ఇంగ్లండ్ ఆటగాడు హ్యారీ బ్రూక్ ఒక్క సెంచరీ తప్ప పెద్దగా ఆడలేదు. అతణ్ణి వదిలేస్తే ఆ మొత్తం తిరిగి చేతికొచ్చింది. అదే వేలంలో 6 కోట్ల 80 లక్షలకు ట్రావిస్ హెడ్ దొరికాడు. ఆ ఇద్దరే మరుసటి ఏడు జట్టును ఫైనల్‌కు చేర్చారు.

లెక్క ఎట్లా ఉంటుందో చెప్తాను, మీ ఇంటి ఖర్చుల పుస్తకంతో పోల్చుకోండి. 2024 నవంబరులో సౌదీలోని జెద్దాలో పెద్ద వేలం జరిగింది. ప్రతి జట్టుకూ 120 కోట్లే పరిమితి. మనవాళ్ళు ముందే క్లాసెన్‌కు 23, కమిన్స్‌కు 18, అభిషేక్‌కు 14, హెడ్‌కు 14, నితీశ్ కుమార్ రెడ్డికి 6 కోట్లు రాసేశారు. మొత్తం 75. మిగిలింది 45. అందులో ఇషాన్ కిషన్‌కు 11.25, షమీకి 10, హర్షల్ పటేల్‌కు 8 పోతే ఇక చేతిలో 15 కోట్ల 75 లక్షలు. జట్టులో కనీసం 18 మంది ఉండాలి. వచ్చింది ఎనిమిది మందే! అద్దె, పాలు, ఫీజులు పోగా నెల పదో తారీఖుకే పర్సు తేలికైతే మిగిలిన ఇరవై రోజులు మనం ఎట్లా నెట్టుకొస్తామో, వాళ్ళూ అంతే. ముప్పై లక్షలకు దొరికే కుర్రాళ్ళ మీద ఆధారపడాలి.

అందుకే కోట్ల పేర్ల కంటే లక్షల పేర్లు జాగ్రత్తగా చూడమంటాను. 2023 సీజన్‌కు ముందు మన జట్టు 20 లక్షలకు తీసుకున్న విశాఖపట్నం అబ్బాయే నితీశ్ కుమార్ రెడ్డి. కొడుకు ఆట కోసం తండ్రి ముత్యాల రెడ్డిగారు హిందుస్తాన్ జింక్‌లో ఉద్యోగం వదిలేసుకున్నారు. 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్ టెస్టులో కొడుకు సెంచరీ కొడుతుంటే ఆ తండ్రి స్టాండులో కన్నీళ్ళతో దండం పెట్టడం దేశమంతా చూసింది. జీతం వచ్చే ఉద్యోగం వదిలిన రోజున ఆ ఇంట్లో ఇల్లాలు ఎంత గుండె దిటవు చేసుకుని ఉంటుందో, అది మనకే తెలుస్తుంది.

2025లో మన జట్టు ఆరో స్థానంతో సరిపెట్టుకుంది. ఆ నవంబరులో షమీని లక్నోకు ఇచ్చేశారు. డిసెంబరు 16న అబుదాబి వేలంలో 25 కోట్ల 50 లక్షలతో కూర్చుని, మొదటి విడతలో ఎవరూ అడగని లివింగ్‌స్టన్‌ను రెండో విడతలో 13 కోట్లకు కొన్నారు. పొద్దున ఎవరూ ముట్టని చీరకు సాయంత్రం ఇద్దరు పోటీ పడటం మన అంగళ్ళలో చూడలేదా!

సకినాల నుంచి ఉగాది దాకా

సంక్రాంతికి మనం సకినాలు చుట్టుకుంటుంటే దక్షిణాఫ్రికాలో సన్‌రైజర్స్ వాళ్ళదే ఇంకో జట్టు ఆడుతుంటుంది. ఆ జట్టు 2023లోనూ, 2024లోనూ అక్కడ కప్పు గెలిచింది. ఇక్కడేమో రంజీ మ్యాచులు. మన జట్టు కుర్రాళ్ళు ఎవరెట్లా ఆడుతున్నారో తెలిసేది వాటిల్లోనే.

కొమురవెల్లి మల్లన్న జాతర ఆదివారాలు సాగుతుండగానే, మార్చి మొదట్లో, జట్టు ఉప్పల్ స్టేడియంలో శిబిరం పెడుతుంది. కుర్రాళ్ళు ముందు వస్తారు. తమ దేశం తరఫున ఆడుతున్న విదేశీయులు ఆఖర్న దిగుతారు. వాళ్ళలో వాళ్ళే రెండు జట్లుగా విడిపోయి ఉత్తుత్తి మ్యాచులు ఆడుకుంటారు. ఈ మ్యాచుల్లో గెలుపోటములకు లెక్క లేదు. కానీ కొత్తవాడు ఎంత దూరం కొడుతున్నాడు, దెబ్బ తగిలినవాడు పరుగెత్తగలుగుతున్నాడా అనేది బయటపడేది ఇక్కడే. 2025 జనవరిలో నితీశ్‌కు పక్కటెముకల దగ్గర కండరం పట్టేసింది. మార్చిలో బెంగళూరులోని బోర్డు కేంద్రంలో ఫిట్‌నెస్ పరీక్ష పాసయ్యాకే శిబిరానికి వచ్చాడు. ఆ ఏడు కమిన్స్‌కు చీలమండ నొప్పి. ఇద్దరి కోసం ఆ నెలంతా ఎదురుచూపులే.

అమెరికాలో బేస్‌బాల్ జట్లకు ఇదే పెద్ద పండగట. చలి పోకముందే, ఫిబ్రవరిలో, ముప్పై జట్లూ వెచ్చగా ఉండే ఫ్లోరిడా, అరిజోనా రాష్ట్రాలకు చేరతాయి. సగం అక్కడ, సగం ఇక్కడ. అభిమానులు పిల్లాపాపలతో సెలవు పెట్టుకుని వెళ్ళి ఆ సాధన మ్యాచులు టికెట్టు కొని చూస్తారు. అసలు సీజన్లో దూరంగా ఉండే ఆటగాళ్ళు అక్కడ కంచె దగ్గరికొచ్చి పిల్లలకు సంతకాలు పెడతారు. మన దగ్గర కూడా అట్లా ఒక రెండు రోజులు ఉప్పల్ గేట్లు బడి పిల్లలకు తెరిస్తే ఎంత బాగుంటుంది! పెద్ద మ్యాచ్ టికెట్టు కొనలేని ఇళ్ళు మన జిల్లాల్లో ఎన్ని లేవు?

మన పిల్లలేరీ?

ఇన్నేళ్ళుగా జాబితాలు చదివాక నాకొక ప్రశ్న మిగిలిపోయింది. పేరు హైదరాబాద్‌ది. మరి హైదరాబాద్ పిల్లలేరీ? ఆటో నడిపిన తండ్రి కొడుకు సిరాజ్‌ను 2017లో 2 కోట్ల 60 లక్షలకు కొన్నది మనవాళ్ళే. ఒక్క ఏడాదికే బెంగళూరుకు పోయాడు. 2024 వేలంలో గుజరాత్ 12 కోట్ల 25 లక్షలకు తీసుకుంది. ఎలక్ట్రీషియన్ కొడుకు తిలక్ వర్మను 2022లో ముంబై 1 కోటి 70 లక్షలకు ఎగరేసుకుపోయింది. ఇద్దరూ ఉప్పల్‌కు వచ్చేది ప్రత్యర్థులుగానే. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక జనం ఇరకాటంలో పడతారు.

ఇక ఆడపిల్లల సంగతి. 2023లో మహిళల ప్రీమియర్ లీగ్ మొదలైంది. ముంబై, ఢిల్లీ, బెంగళూరు, గుజరాత్, ఉత్తరప్రదేశ్... ఐదు జట్లు. 2026 సీజన్ దాకా అవే ఐదు. తెలుగు గడ్డకు ఒక్కటీ లేదు. మరి ఆడేవాళ్ళు లేరా అంటే, కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 2025 నవంబరు 2న ప్రపంచకప్పు గెలిచిన భారత జట్టులో ఉంది. ఆ పోటీల్లో 14 వికెట్లు తీసింది. ఆమె ఆడేది ఢిల్లీకి. మన భద్రాచలం పిల్ల గొంగడి త్రిష 2025లో అండర్-19 ప్రపంచకప్పులో 309 పరుగులు చేసి 'ప్లేయర్ ఆఫ్ ది టోర్నమెంట్' అయింది. కూతురి ఆట కోసం ఆ తండ్రి ఊరే మారాడు. ఇట్లాంటి పిల్లలు సొంత ఊరి పేరున్న చొక్కా తొడుక్కుని ఆడే రోజు ఎప్పుడు వస్తుందో! వేలం బల్ల దగ్గర, సుత్తి దగ్గర ఆడవాళ్ళు కూర్చున్నారు. మైదానంలో కూడా మన ఆడపిల్లలకు చోటు కావాలని అడగడం మన హక్కే.

ఒక్క జాగ్రత్త

ఆట లేని నెలల్లో కూడా ఆగని జాడ్యం బెట్టింగ్. మన తెలంగాణలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2017లోనే నిషేధించారు. 2025లో కేంద్రం కూడా దేశమంతటికీ చట్టం చేసింది. అయినా దొంగచాటు యాప్‌లు వస్తూనే ఉన్నాయి. పిల్లవాడు ఫోను దాచుకుంటున్నా, అర్ధరాత్రి దాకా ఏ దేశమో తెలియని మ్యాచులు చూస్తున్నా, ఇంట్లో చిన్న చిన్న మొత్తాలు మాయమవుతున్నా ఉపేక్షించకండి. తిట్టే ముందు పక్కన కూర్చుని అడగండి. ఆట గురించి తల్లికి కూడా నాలుగు ముక్కలు తెలిస్తే పిల్లలు మనతో దాపరికం లేకుండా మాట్లాడతారు. మా చిన్నవాడు కాలేజీనుంచి రాగానే "అమ్మా, ఇవ్వాళ ఎవర్ని వదిలేసిండ్రు?" అని నన్నే అడుగుతాడు. నాకు అదే పదివేలు.

తెలుసుకుంటే పనికొచ్చే మాటలు

రిటెన్షన్: పాత ఆటగాణ్ణి వేలానికి పంపకుండా అట్టిపెట్టుకోవడం.

రిలీజ్: వదిలేయడం. అతని జీతం జట్టు పర్సులోకి తిరిగి వస్తుంది.

ట్రేడ్: రెండు జట్లు మాట్లాడుకుని ఆటగాళ్ళను మార్చుకోవడం, లేదా డబ్బిచ్చి తీసుకోవడం.

పర్సు: జట్టు మొత్తం ఖర్చు పెట్టడానికి ఉన్న పరిమితి. 2026 సీజన్‌కు 125 కోట్లు.

బేస్ ప్రైస్: వేలంలో పాట మొదలయ్యే ధర. పాట ఆగిన ధర సాధారణంగా ఆ ఆటగాడికి ఒక సీజన్‌కు వచ్చే జీతం.

స్క్వాడ్: జట్టు మొత్తం. 18 మందికి తగ్గకూడదు, 25 మందికి మించకూడదు. అందులో విదేశీయులు ఎనిమిది మంది దాకా ఉండొచ్చు. మైదానంలో దిగేది మాత్రం నలుగురే.

ఈ కార్తీకంలో దీపం పెట్టుకుని లోపలికి వచ్చాక ఒకసారి ఆటల పేజీ తిప్పి చూడండి. ఎవరు ఉన్నారు, ఎవరు పోయారు, ఎవరు తక్కువ ధరకు కొత్తగా వచ్చారు... పేర్లు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఉగాది పచ్చడి తినేనాటికి ఆ కాగితంలో ఒక్క పేరైనా మెరిస్తే, అందరికంటే ముందు గుర్తుపట్టేది మీరే!